ముక్కున్న మాటలు

పదో తరగతిలో నాకు ఇంగ్లీషులో వచ్చిన మార్కులు 41. సంచికకు ఇంగ్లీషు గురించే రాస్తానని చెప్పగానే మా 1999 బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో నవ్వు బొమ్మలు వరసపెట్టి పడ్డాయి. పడనీయండి. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఓ అడ్తి (కమీషన్) దుకాణంలో గుమస్తాగా చేస్తున్నాను. బస్తాల లెక్క తెలుగులో, కూలీ లెక్క నోట్లో, ఫోన్లో మాట్లాడేది సగం హిందీలో. ఇంగ్లీషు అవసరం నాకు నెలకోసారి కూడా రాదు. అయినా బడిలో విన్నవాటిలో నన్ను ఇప్పటికీ వదలనిది మా ఇంగ్లీషు సారు బోర్డు మీద రాసిన రెండక్షరాలే.

ఎనిమిదో తరగతి, ఫిబ్రవరి నెల. మిర్చి సీజన్. నాయిన అదే మార్కెట్లో హమాలీ. మాది ఒకటే గది ఇల్లు, చొక్కాలకు మేకు కూడా ఒకటే. రాత్రి నాయిన విప్పి తగిలించిన తువ్వాల కింద నా బడి చొక్కా ఉండేది. పొద్దున అది వేసుకుని బెంచీలో కూర్చుంటే మొదట నాకు, తర్వాత పక్కవాడికి, ఆ తర్వాత ముందు బెంచీకి తుమ్ములు మొదలయ్యేవి. మిగతా సార్లు నన్ను వరండాలో నిలబెట్టేవాళ్లు. అందులో తప్పు పట్టడానికేం లేదు, తుమ్ముల మధ్య పాఠం ఎవరు చెప్తారు?

ఈ సారు మాత్రం ఆ రోజు పుస్తకం మూసేశారు. "సర్దా, మిర్పకాయలా?" అని అడిగారు. మిర్పకాయలే సార్ అన్నాను. ఆయన బోర్డు మీద ఎస్, ఎన్ అని రెండక్షరాలు రాసి, "ఇగో, ఈ రెండు ఒక్కతాన కనపడితే ముందుగాల నీ ముక్కు పట్టుకో. చానాసార్లు మాట అక్కడనే ఉంటది" అన్నారు.

ఆ తర్వాత గంట కొట్టేదాకా క్లాసంతా ముక్కుతోనే చదివింది. స్నీజ్ అంటే తుమ్ము, అది నాది. స్నోర్ అంటే గురక, వెనక బెంచీలో ఒకడు చేసి చూపించాడు. స్నిఫ్ అంటే ముక్కు ఎగబీల్చి వాసన చూడటం. స్నార్ట్ అంటే ఎద్దు బుసకొట్టడం. స్నాట్ అంటే చీమిడి, దీనికి మాత్రం ఎవరూ చేసి చూపించొద్దు అన్నారు. స్నౌట్ అంటే పంది ముట్టె. స్నఫ్ అంటే ముక్కుపొడి. స్నబ్ నోస్ అంటే చప్పిడి ముక్కు. స్నీర్ అనేది నాకు బాగా నచ్చింది. ఎదుటివాణ్ణి చులకన చేస్తూ ముక్కూ మూతీ కొంచెం పైకి విరవడం. మా మేనత్త చేసే పనికి ఇంగ్లీషులో కూడా ఓ పేరుందని ఆ రోజే తెలిసింది. ఇంటికెళ్లి ఆమె ముందు అనలేదు, అంతే.

ఇంతలో ఒకడు లేచి, "మరి స్నేక్ సార్? పాముకు ముక్కు ఏడుంది?" అన్నాడు. సారుకు కోపం రాలేదు, సంతోషమే అయింది. జవాబు రేపు చెప్తానని మర్నాడు నిజంగానే తెచ్చారు. స్నేక్ పాము, స్నెయిల్ నత్త, స్నీక్ అంటే చప్పుడు కాకుండా జారుకోవడం. ఇవి పాకేవాళ్ల ఇల్లు, ముక్కోళ్ల ఇంటికి పక్కిల్లు, గోడ ఒక్కటే అన్నారు. మరి స్నో? "దానికి నా దగ్గర ఇల్లు లేదు. వరంగల్ల మంచు పడ్డనాడు ఆలోచిద్దాం."

ఆ తర్వాతి ఏడు ఆగస్టులో మమ్మల్ని వేయిస్తంభాల గుడికి నడిపించుకుపోయారు. చరిత్ర సారు దాన్ని కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో కట్టించాడని, శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ మూడు గర్భగుళ్లని చెప్పి పక్కకు వెళ్లి కూర్చున్నారు. కల్యాణ మంటపం అప్పటికి పాతదే నిలబడి ఉంది. ఆ తర్వాత రాళ్లన్నీ విప్పి, మళ్లీ పేర్చి, 2024లో తెరిచింది దాన్నే. తుంపర పడి అప్పుడే ఆగింది. నల్లరాతి నంది వీపు మీద నీళ్లు సన్నటి పొరలా నిలిచి, మబ్బు సందులోంచి వచ్చిన వెలుగు ఆ పొర మీదే కదులుతోంది. ఇంగ్లీషు సారు నంది మూపురాన్ని చేత్తో తుడిచారు. తుడిచిన చోట మెరుపు మారిపోయింది. "తుడవకముందు గ్లిసెన్, తుడిచినంక గ్లీమ్" అన్నారు.

తడి మీద వచ్చే మెరుపే గ్లిసెన్. అందులో టీ అక్షరం రాస్తారు కానీ పలకరు. మేమందరం గ్లిస్టెన్ అనే అనేవాళ్లం, ఇప్పటికీ నాకు అదే నోటికి వస్తుంది. నునుపు రాయి నింపాదిగా వెలిగితే గ్లీమ్. జీ, ఎల్ జంట వెలుగు ఇల్లని, కానీ ఇంట్లో ఒక్కొక్కరి తీరు వేరని చెప్పారు. మంట లేని నిప్పు కణికది గ్లో. బతుకమ్మనాడు చీర జరీ ఒక్కసారే వంద చోట్ల మెరిస్తే గ్లిటర్. కొడవలి అంచు ఒక్క క్షణం తళుక్కుమంటే గ్లింట్. కరెంటు తక్కువున్నప్పటి బల్బు మిణుకు గ్లిమర్. ఎదురుగా వచ్చే లారీ లైటు గ్లేర్, హెడ్‌మాస్టర్ గారు వరండాలోంచి చూసే చూపు కూడా గ్లేరే. అలా మొదటిసారి నాకు డిక్షనరీలో "మెరియు, ప్రకాశించు" అని అన్నింటికీ ఒకే అర్థం రాసిన వాళ్ల మీద కోపం వచ్చింది.

ఇక గ్లవ్, గ్లూ ఎక్కడివని అడిగితే, చేతి తొడుగూ జిగురూ వెలగవు, నిజమే, ప్రతి ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లుంటారు అన్నారు. గ్లాడ్ మాత్రం కిరాయిది కాదని నేను చాలా ఏళ్లకు తెలుసుకున్నాను. పాత ఇంగ్లీషులో ఆ మాటకు మెరిసేది అనే అర్థం కూడా ఉండేదట. మనం మొహం వెలిగిపోయింది అనమా?

ఇవన్నీ సిలబస్‌లో లేవని, పిల్లల టైం వేస్టని ఇంకో సారు స్టాఫ్ రూంలో గట్టిగానే అన్నారు. నా 41 చూస్తే ఆయన మాట కూడా పూర్తిగా కొట్టేయలేను.

ఫోన్లో ఇంటర్నెట్ వచ్చాక ఈ సంగతికి ఓ పేరే ఉందని తెలిసింది. ఫోనెస్థీమ్. జె.ఆర్. ఫర్త్ అనే ఇంగ్లీషు భాషావేత్త 1930లో పెట్టాడు. అంతకుముందు ఆయన లాహోర్‌లో పాఠాలు చెప్పినవాడే. పేరు తెలిసినందుకు పెద్దగా ఒరిగిందేమీ లేదు కానీ, పాడలవాటు ఒకటి అంటుకుంది. జెండా పాట (ఆ రోజు ధర తేల్చే వేలం) అయిపోయి, కాంటాలు మొదలయ్యేలోపు ఖాళీ దొరికితే తెలుగు మాటలకు ఇళ్లు వెతకడం. 'ము' పట్టుకుంటే ముక్కు, మూతి, ముట్టె, మూలుగు, వాసన చూడటానికి పాత మాట మూర్కొనడం. ముక్కిపోయిన బియ్యం కూడా ముందు ముక్కుకే తెలుస్తుంది. ముల్లు, ముంత కిరాయివాళ్లు. 'మి' పట్టుకుంటే ఇంకా బాగుంది. మిణుగురు, మిణుకు, మిలమిల, మిసమిస, మిరుమిట్లు, ఇవన్నీ ఉండే మిన్ను. ఇంగ్లీషువాళ్ల జీ, ఎల్ ఇంటికి మనది వియ్యాలవారిల్లు. మరి మిరపకాయ? అది మిరియం చుట్టం, ఈ ఇంటిది కాదు. కానీ ఎండలో రాశి పోసిన మిర్చి తొక్క మిసమిసలాడటం చూస్తే రంగు పోయిన తాలు కాయను పక్కకు తీసి మిగిలినదాన్ని ఆ ఇంట్లోకే పంపాలనిపిస్తుంది.

సారు రిటైరై హన్మకొండలోనే ఉంటున్నారు. ఈ వ్యాసం కోసం పోయిన నెల ఫోన్ చేశాను. ఎవరని అడిగితే పేరు చెప్పలేదు, మిర్పకాయల తుమ్ము సార్ అన్నాను. వెంటనే గుర్తుపట్టారు.

"సార్, మీరు చెప్పనిది ఒకటి దొరికింది" అన్నాను. స్నీజ్ మొదట ముక్కోళ్ల ఇంట్లో పుట్టిన మాట కాదు. 14వ శతాబ్దం రాతల్లో అది ఎఫ్, ఎన్‌లతో మొదలయ్యేది. తర్వాత ఆ జంటతో మొదలయ్యే మాటలు ఇంగ్లీషులో కరువయ్యాయి. అప్పట్లో పొడుగు ఎస్ ఒకటి ఉండేది, చూపుకు అచ్చం ఎఫ్ లాగే, అడ్డగీత దగ్గరే తేడా. ఎఫ్‌ను ఎస్ అనుకుని చదివి ఉంటారని పండితుల ఊహ. అలా తుమ్ము వచ్చి గురక పక్కన చేరింది.

అవతల కాసేపు చప్పుడు లేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నా.

"అయితే ఎఫ్ పెట్టి ఒకపారి తుమ్ము, సూద్దాం" అన్నారు.

దుకాణంలో రైతులున్నారు, కాంటా వేసే దడువాయి ఉన్నాడు. అయినా సారు అడిగాక తప్పుతుందా. ఫ్నీజ్ అన్నాను, ముక్కు మూసి వదిలినట్టు.

"నువ్వు ఎనిమిదో తరగతిల తుమ్మింది గదేరా" అన్నారు సారు. "నేనే బోర్డు మీద తప్పు రాసిన."