ఆకులు లేని చోట చెట్టును పోల్చడం

నిలబడి ఉన్నంతకాలం ఇట్టే పోల్చగలిగిన చెట్టు, కోత మిల్లు దాటి దూలంగానో పలకగానో మారేసరికి మన కంటికి పరాయిదైపోతుంది. మా విజయనగరం జిల్లాలో ఈ ఎరుక రెండు పాయలుగా విడిపోయి కనిపిస్తుంది. కొండ పక్క ఊళ్ళలో పశువులు కాసినవారు ఆకునూ కాయనూ చూసి చెట్టు పేరు చెబుతారు గాని చిత్రిక పట్టిన చెక్కను చూపిస్తే తడుముకుంటారు. చెక్కను చేత్తో తడిమి చెప్పగల వడ్రంగులేమో ఆ చెట్టు పూతను ఎన్నడూ చూసి ఉండరు. బొబ్బిలి దగ్గర మా పాత పెంకుటిల్లు విప్పించినప్పుడు తాటి దూలాలు, నల్లమద్ది ద్వారబంధాలు, టేకు తలుపులు, పనస పీటలు ఒకే కుప్పలో పడ్డాయి, కొనడానికి వచ్చినవారు మొత్తానికి పాత కర్ర కింద ఒకే ధర కట్టబోయారు. ఈ రెండు పాయలనూ ఒక చోట కలిపి రాయాలన్న కోరిక నాకు అప్పుడే బలపడింది.

చెక్కను పోల్చడానికి పలక వెడల్పు ముఖం చూడడం వల్ల పెద్ద ప్రయోజనం ఉండదు, ఎందుకంటే రంగును ఎండ మారుస్తుంది, పాలిష్ దాస్తుంది. చూడవలసింది మాను అడ్డంగా తెగిన ముఖాన్ని. పదునైన ఉలితోనో కొత్త బ్లేడుతోనో అక్కడ ఒక పలుచని పొర లేపి, తడి గుడ్డతో తుడిచి, పదింతలు పెద్దదిగా చూపే భూతద్దం కింద పరిశీలిస్తే, చెట్టు నీరు పీల్చుకున్న నాళాలు సన్నని రంధ్రాలుగా కనబడతాయి. వాటి పరిమాణం, అవి వరుస కట్టిన తీరు, మధ్యలోని చేవకూ బెరడు కింది తెల్లచెక్కకూ ఉన్న తేడా, చేతికి తెలిసే బరువు, తాజా కోత వాసన అనే ఈ నాలుగైదు సాక్ష్యాలు కలిస్తేనే పేరు చెప్పాలి.

టేకు ఈ పరీక్షకు సులువుగా లొంగుతుంది. ఏటేటా కొత్త పెరుగుదల మొదలయ్యే చోట పెద్ద రంధ్రాలు వరుసగా ఏర్పడడం వల్ల, అడ్డకోతలో వలయాలు చుక్కల గీతల్లా విడివిడిగా కనిపిస్తాయి. ముట్టుకుంటే కాస్త జిడ్డుగా ఉంటుంది, తోలును పోలిన వాసన వస్తుంది. ఆ జిడ్డే చెదలనూ తేమనూ దూరంగా ఉంచుతుంది. చెట్టు దగ్గరైతే లేత ఆకును అరచేతిలో నలిపితే చాలు, ఎర్రని రంగు అంటుకుంటుంది. ఎండిన టేకు ఘనపు మీటరుకు దాదాపు 650 కిలోలు తూగితే నల్లమద్ది 800 కిలోలు దాటుతుంది. అందుకే ఇద్దరు మనుషులు ఎత్తలేక దించేసిన ద్వారబంధాన్ని టేకు అని ఎవరైనా అంటే నేను నమ్మను.

తాటి దూలం విషయంలో భూతద్దం కూడా అక్కర్లేదు. తాడి, కొబ్బరి వంటి చెట్లకు వలయాలుండవు, చేవ అనే విడి భాగమూ ఉండదు. కోసిన ముఖంలో నల్లని నార పోగులు చుక్కలుగా, అంచు దగ్గర కిక్కిరిసి, నడుముకు వచ్చేసరికి పలచబడి కనిపిస్తాయి. బలమంతా అంచులోనే ఉంటుంది గనుక, ముదురు తాడిని నిలువునా చీల్చి, లోపలి మెత్తని బెండు తీసేసి, వెలుపలి భాగాన్ని మాత్రమే దూలాలకూ వాసాలకూ వాడారు. లేత తాడిని కొట్టి కప్పు వేయించినవాడికి ఆ కప్పు ఎన్నేళ్ళు నిలుస్తుందో చెప్పనక్కర్లేదు.

నల్లమద్ది, తెల్లమద్ది రెండూ ఇందుకు పూర్తిగా తిరగబడ్డ వ్యవహారం. నిలబడి ఉన్నప్పుడు వాటిని విడదీయడం పిల్లలకు కూడా సాధ్యమే: నల్లమద్ది బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి నల్లగా ఉంటుంది, ఏటి గట్లను, వాగుల అంచులను వదలని తెల్లమద్ది బెరడేమో నునుపుగా, బూడిద తెలుపులో, పొరలుగా ఊడుతుంది. రెండింటి కాయలకూ అయిదేసి రెక్కలుంటాయి గాని, నల్లమద్ది కాయ రెక్క మీది ఈనెలు అంచుకు అడ్డంగా తిన్నగా సాగితే, తెల్లమద్దిలో అవి పైకి వంపు తిరుగుతాయి. కోసి ఆరబెట్టాక మాత్రం ఈ రెండింటినీ చెక్కను బట్టి విడదీయడం కష్టం. భూతద్దం చాలాసార్లు ప్రజాతి (దగ్గరి చుట్టాలైన చెట్ల గుంపు) దాకానే తీసుకువెళుతుంది, అందులో ఏ జాతో తేల్చదు. అందుకే అడితిలో నల్లమద్ది అని చెప్పినదాన్ని నేను మద్దిగా మాత్రమే స్వీకరిస్తాను.

పనసకు మా ప్రాంతంలో ఉన్న గౌరవం వేరు. తాజాగా కోసిన పనస చెక్క పసుపు కొమ్ము విరిచినంత పచ్చగా ఉండి, వెలుతురు తగిలేకొద్దీ ముదిరి ఎర్రని గోధుమ రంగుకు వస్తుంది, కాబట్టి పాత పీటను పోల్చాలంటే అడుగు వైపు కాస్త గీకి లోపలి పసుపును చూడాలి. బొబ్బిలి వీణను చేసేది ఈ చెక్కతోనే. బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవారు కుండనూ దండినీ అతుకు లేకుండా ఒకే మొద్దు నుంచి తొలిచి ఏకాండి వీణ తీస్తారు. పనస మరీ బరువు కాదు, ఉలికి మొండికేయదు, సరిగా ఆరితే వంకర పోదు, నాదాన్ని మింగెయ్యదు. అన్నిటికీ మించి, కుండ పట్టేంత లావు మాను మన దొడ్లలోనే దొరుకుతుంది. ఇన్ని గుణాలు ఒక్క చెట్టులో కుదరడం అరుదు.

బొమ్మల చెక్క అయిన అంకుడుది ఇంకొక తరహా చిక్కు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో తరిణి (చెక్కను తిప్పుతూ చెక్కే సాధనం) పట్టి లక్క బొమ్మలు చేసేది దీనితోనే. చెక్క దంతం రంగులో, సన్నని పొరతో ఉంటుంది. రంధ్రాలు కంటికి ఆననంత చిన్నవి గనుక, తిరుగుతున్న బొమ్మకు లక్క కడ్డీని ఒత్తినప్పుడు రాపిడి వేడికి కరిగిన రంగు గుంటలు పడకుండా అద్దంలా పరుచుకుంటుంది. కొండల్లో దీన్ని కొడిసెపాలగా పొరబడడం మామూలే, రెండూ ఆకు తుంచితే పాలు కార్చేవే, రెండింటి చెక్కా తెల్లనిదే. తేడా కాయల్లో ఉంది: అంకుడు కాయలు జంటగా వేలాడుతూ కొసల దగ్గర ఒకదానితో ఒకటి అతుక్కుని ఉంటాయి, కొడిసెపాల కాయలు విడిగా ఉంటాయి.

ఏగిసను పోల్చే పద్ధతి నాకు అన్నిటికంటే ఇష్టం. చెట్టు బెరడు మీద కత్తి గాటు పెడితే నెత్తురులాంటి జిగురు ఊరుతుంది. కోసిన కలపలో ఆ గురుతు లేకపోయినా, చేవ పొట్టు చిటికెడు గాజు గ్లాసు నీళ్ళలో వేసి కొంతసేపు ఉంచి, నల్లని గుడ్డ ముందు ఎండలో పట్టి చూస్తే నీటిలో నీలి మెరుపు ఆడుతుంది. తడిసిన చేవ చేతికీ గుడ్డకూ పసుపు రంగు అంటిస్తుంది, కాబట్టి సున్నం కొట్టిన గోడకు ఆనించి పెట్టకూడదు. ఈ చెక్కతో చేసిన లోటాలో నీళ్ళు తాగితే మధుమేహం తగ్గుతుందని అమ్ముతున్నారు. దాన్ని నమ్మి మందులు మానేయవద్దు.

శ్రీకాకుళం తీరానికి వెళితే కలప కథ క్లుప్తంగా ముగుస్తుంది. ఇసుక నేలల్లో సరుగుడు ఉంది. ఆకులనుకునే పచ్చని సూదులు నిజానికి సన్నని రెమ్మలు, ఒక్కో కణుపు లాగి విడదీస్తే దాని చుట్టూ పంటి వరుసలా కనిపించేవే అసలు ఆకులు. రంపానికి పెడితే పగిలి మెలితిరిగే ఈ కర్ర గుంజలకూ పందిళ్ళకూ సెంట్రింగుకూ కాగితపు గుజ్జుకూ పొయ్యిలోకీ పనికొస్తుంది గాని పలకలకు పనికిరాదు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపానుకు ఉద్దానంలో కూలిన కొబ్బరి, జీడి, పనసల్లో కలపగా విలువైనది పనస ఒక్కటే. జీడి చెక్క పెట్టెలకూ పొయ్యికీ తప్ప నిలవదు.

ఇప్పుడు దుకాణాల్లో ద్వారబంధాలకు ఎక్కువగా చూపించేది మలేషియా సాల్. అది మన ఒడిశా సరిహద్దు కొండల్లో పెరిగే గుగ్గిలం (అసలు సాల్) కాదు, ఆగ్నేయాసియా కలప. అది మంచిదా చెడ్డదా అన్నది తర్వాతి మాట. ఏది కొంటున్నామో రసీదులో రాయించుకోవడం మాత్రం మన హక్కు. తగాదా వచ్చేంత విలువైన సరుకైతే, 1906లో మొదలైన డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థ వంటి చోట సూక్ష్మదర్శిని కింద పరీక్ష చేయించుకోవచ్చు.

ఇంటి అవసరాలకు మాత్రం సొంత నమూనాలు చాలు. పేరు ఖాయంగా తెలిసిన చెట్టు కొమ్మ కొట్టినప్పుడల్లా బెరడుతో సహా జానెడు ముక్క కోసి, నీడన ఆరబెట్టి, ఒక కొసను నునుపు చేసి, పేరూ ఊరూ తేదీ రాసి దాచుకోవాలి. లేత కొమ్మలో చేవ ఇంకా కట్టి ఉండదు గనుక, ఆ ముక్కతో దూలాన్ని సరిచూసేటప్పుడు రంగును పక్కన పెట్టి రంధ్రాల అమరికను మాత్రమే పోల్చి చూడాలి.