యాభై అనుకుంటే డెబ్భై ఐదు

రెండో శనివారం, ఆఫీసు లేదు. పిండి మర పని ఉందని మా ఆవిడ గుర్తుచేసేలోపే బీరువా మీద నుంచి కెమెరా సంచి దించేశాను. నికాన్ ఎఫ్ఎం2 ఫిలిం కెమెరా, దానికో 50 ఎంఎం 1.8 లెన్సు, ఇంకో 105 ఎంఎం 2.5. ఇరవై రెండేళ్లుగా నా సరంజామా ఇంతే. లోపల రీలు ఇంకా అవ్వలేదు, కౌంటర్ 27 దగ్గర ఆగి ఉంది.

పోయిన నెల ఒక రీలు కడగడానికి ఇస్తే పదిహేను రోజులు తిప్పుకుని, చివరికి గీతలు పడ్డ నెగెటివ్‌లు చేతిలో పెట్టారు. మేనకోడలి ఓణీల ఫంక్షన్ అది. 36లో దక్కినవి పదకొండు. ఎవర్నని ఏం లాభం! వారానికి ఒకటో రెండో రీళ్లు వస్తుంటే కడిగే మందు డబ్బాలోనే పాడైపోతుంది. ఆ రోజే అనుకున్నా, ఇక డిజిటల్‌కి మారక తప్పదని.

మా బావమరిది పెళ్లిళ్లకి ఫొటోలు తీస్తాడు. "బావా, ఈ రోజుల్లో డీఎస్ఎల్ఆర్ ఎవరు కొంటున్నారు, మిర్రర్‌లెస్ తీసుకో, అడాప్టర్ పెడితే నీ పాత లెన్సులూ పనికొస్తాయి" అన్నాడు. వాడి మాట తీసేయాల్సింది కాదు. కానీ మిర్రర్‌లెస్ వ్యూఫైండర్‌లో కన్ను పెడితే బుల్లి టీవీ కనపడటం నాకు సయించదు. డీఎస్ఎల్ఆర్‌లోలా అద్దం మీద నుంచి వచ్చే వెలుతురే కావాలి. దీనికి కారణం అడిగితే చెప్పలేను, మొండితనం అనుకోండి. పైగా అందరూ మిర్రర్‌లెస్ వైపు పోబట్టే కోఠీలో పాత డీఎస్ఎల్ఆర్‌లు చవగ్గా దొరుకుతున్నాయి.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ దగ్గర దిగాను. బావమరిది గుజరాతీ గల్లీ మొదట్లోనే కలిశాడు. వాడికి తెలిసిన కొట్టు, మెట్లెక్కి పైకి పోవాలి.

కొట్టు కుర్రాడు ముందు డీ3000 వరుసలో చిన్న బాడీ ఒకటి తీశాడు. "తేలిగ్గా ఉంటుంది సార్, మీకు చాలు" అన్నాడు. ఆ "మీకు చాలు" నాకు నచ్చలేదనుకోండి, అది వేరే సంగతి. సంచిలోంచి నా 50 తీసి బిగించాను. టక్కున కూర్చుంది. నికాన్ వాళ్లు 1959 నుంచీ లెన్సు బిగించే ఆ మౌంట్ ఆకారం మార్చలేదు, ఆ ధీమాతోనే లెన్సులు మోసుకుని వచ్చాను. తీరా చూస్తే వెలుతురు కొలిచే మీటర్ ఉలకదు, పలకదు. పాత లెన్సు మీద అపెర్చర్ (వెలుతురు వచ్చే కంత) రింగు ఎక్కడ ఉందో కనిపెట్టే మీట చిన్న బాడీలకి పెట్టరు. ఫోకస్ మోటారూ లోపల ఉండదు, అంటే పాత ఆటోఫోకస్ లెన్సు కొన్నా చేత్తో తిప్పుకోవాల్సిందే. పాత లెన్సులు ఉన్నవాళ్లు మెగాపిక్సెళ్లకన్నా ముందు అడగాల్సింది ఈ రెండు ముక్కలే.

తర్వాత డీ7000 తీశాడు. 2010లో వచ్చింది, 16 మెగాపిక్సెళ్లు. మీట ఉంది, మోటారు ఉంది. మెనూలోకి వెళ్లి లెన్సు 50 అనీ, 1.8 అనీ చెప్పగానే మీటర్ కదిలింది. అపెర్చర్ మనమే పెట్టుకునే ఏ, ఎం మోడ్‌లలో మాత్రమే అనుకోండి, నేనెప్పుడైనా వేరేవి వాడానా? లోటల్లా వ్యూఫైండర్‌లోనే. ఎఫ్ఎం2లో నడిమధ్య గుండ్రంలో బొమ్మ రెండు ముక్కలై, ఫోకస్ కుదరగానే అతుక్కునేది. ఇందులో అది లేదు. మూలనొక పచ్చ చుక్క వెలుగుతుంది, దాన్ని నమ్ముకోవాలి.

అడిగి కెమెరాతో కిందికి దిగాను. గల్లీకి అవతల తోపుడు బండి మీద ఛార్జర్లమ్మే పెద్దాయన. అంత దూరం నుంచి నా 50లో ఏం పడుతుందో కంటికి పెట్టకుండానే చెప్పగలను: మనిషి, బండి, పైన బోర్డులో సగం. కన్ను పెట్టి చూస్తే బోర్డు లేదు, బండి సగమే ఉంది, పెద్దాయన నడుము పైనుంచే ఉన్నాడు. వెనక్కి జరిగాను. ఇంకో అడుగు జరిగేసరికి వీపుకి వెనక కొట్టు షట్టరు తగిలింది.

లెక్క నాకు తెలియంది కాదు. రీలు మీద బొమ్మ 36×24 మిల్లీమీటర్లు, ఈ సెన్సారు దాదాపు 24×16. ఒకటిన్నరతో గుణిస్తే నా 50 చూపు 75 అవుతుంది. లెక్కగా తెలియడం వేరు, వీపుకి తగిలి తెలియడం వేరు. లాడ్ బజార్లో గాజుల కొట్ల ముందు, సుల్తాన్ బజార్లో ఎక్కడ నిలబడితే ఏం పడుతుందో నా కాళ్లకి అలవాటు. ఆ గల్లీల్లో వెనక్కి జరగడానికి చోటేది?

ఫిలిం అంత సెన్సారున్న డీ750 కూడా అక్కడే అద్దాల బీరువాలో ఉంది. కన్ను అటే పోతోంది. ధర వినగానే మా ఆవిడ మొహం గుర్తొచ్చి కన్ను ఇటు తిప్పుకున్నాను. బావమరిదే దారి చూపించాడు. "బావా, 35 ఎంఎం లెన్సు పెట్టు. ఒకటిన్నర రెట్లంటే 52. నీ యాభై నీకొచ్చినట్టే."

కుర్రాడు మాత్రం 18–55 జూమ్ లెన్సు అంటగట్టాలని చూశాడు. గ్రూపు ఫొటోల్లో పాతికమందిని పట్టించడానికి ఆ 18 పనికొస్తుంది, కాదనను. కానీ 55 దగ్గర దాని అపెర్చర్ 5.6కి మించి తెరుచుకోదు, ఈ అంకె పెరిగేకొద్దీ కంత చిన్నది. 1.8తో పోలిస్తే లోపలికొచ్చే వెలుతురు పదో వంతు. దీపాల వేళ గల్లీల్లో తిరిగేవాడికి ఎందుకది?

పాత సరుకు చూడటం బావమరిదికి వదిలేశాను. ఫోన్ టార్చి వేసి 35 లోపల సాలెగూడులా ఫంగస్ ఉందేమో చూశాడు. అపెర్చర్ 16 పెట్టి తెల్లగోడ ఫొటో తీసి, సెన్సారు మీద దుమ్ము చుక్కలు వెతికాడు. షట్టరు ఎన్నిసార్లు పడిందో ఫొటో ఫైల్లోంచి తీశాడు. 41 వేల చిల్లర. లక్షా యాభై వేలకి పరీక్షించిన షట్టరు కాబట్టి పర్వాలేదన్నాడు. అరగంట బేరమాడి కెమెరా, లెన్సు కలిపి 24,000కి తెగ్గొట్టాడు. నేనైతే మొదటి ధరకే సరేననేవాణ్ణి.

మూల మీద ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. తలుపులోంచి ఎండ సాసర్ మీద పడుతోంటే ఫొటో తీశాను. ఫిలిం అలవాటు కొద్దీ కాస్త వెలుతురు ఎక్కువే ఇచ్చాను, నెగెటివ్ దాన్ని ఓర్చుకుంటుంది. ఇక్కడ సాసర్ అంచు మాయం. తెరమీద ఆ చోటే నల్లగా మిణుకుమంటోంది. "తెలుపు ఒకసారి కాలిపోతే ఇక రాదు బావా, కొంచెం తగ్గించి తియ్యి" అన్నాడు వాడు. ఇన్నేళ్ల అలవాటుకి ఇది పూర్తిగా తలకిందులు. వెలుతురు తగ్గించి మైనస్ 0.7 పెట్టాక సాసరూ దక్కింది, చాయ్ రంగూ దక్కింది. ఐఎస్ఓ, అంటే వెలుతురుకి స్పందించే వేగం, ఫొటో ఫొటోకీ మార్చుకోవచ్చన్నది తెలిసిన విషయమే అయినా, తొలిసారి మార్చినప్పుడు దొంగతనం చేసినట్టనిపించింది. 400 రీలు వేస్తే 36 ఫొటోలూ 400తోనే కాపురం చేసినవాణ్ణి మరి.

ఇంటికొచ్చేసరికి నాలుగు. మా ఆవిడ ధర అడగలేదు. పిండి సంగతి అడిగింది. ధర అడిగినా బాగుండేది.

అమ్మ వరండాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. 35 పెట్టి కూర్చున్నాను. అమ్మ, చేట, వెనక తులసికోట, అన్నీ ఉన్నాయి, నేను జరగక్కర్లేకపోయింది. నొక్కాక బొటనవేలు దానంతటది రీలు తిప్పే లివర్ కోసం వెతుక్కుంది. తెర చూపించాను. అమ్మ కళ్లద్దాలు పైకి జరుపుకుని చూసి, "కళ్లు మూశానురా, ఇంకోటి తియ్యి" అంది. తీశాను. "మెడ ముడతలు కనిపిస్తున్నాయి, ఇంకోటి." అలా తొమ్మిది తీయించి, దేనికీ ఒప్పుకోక చేట పక్కన పెట్టింది.

"ఆ పాతదాంతో తియ్యరా. బాగా రాకపోయినా నెల తర్వాత కదా తెలిసేది."

ఎఫ్ఎం2 తెచ్చాను. కౌంటర్ 28కి వచ్చింది.