కిస్‌మిస్ తిన్న కుక్కకు ఎమర్జెన్సీ ఏంటన్నారు

చివరి రక్తపరీక్ష రిపోర్టు ఇందాకే వచ్చింది. క్రియాటినిన్, యూరియా రెండూ నార్మల్. మా జిమ్మీ కిడ్నీలకు ఏమీ కాలేదు. టెన్షన్ దిగింది కాబట్టి ఇప్పుడు కోపం పైకొచ్చింది. అది చల్లారకముందే రాసేస్తున్నా.

జరిగింది ఇది. బాబాయి మా ఇంటికి వచ్చారు, ఆయన సంచిలో కిస్‌మిస్ ప్యాకెట్ ఉంది. మేం పక్క గదిలో మాటల్లో ఉండగా జిమ్మీ సంచిలో మూతి పెట్టి, ప్యాకెట్ చించి, సగానికి పైగా ఖాళీ చేశాడు. "పోన్లేరా, ఎండు ద్రాక్షేగా, బలం" అన్నారు బాబాయి. ఆయన్ని ఏమీ అనలేం. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కలకు విషమని చాలామందికి తెలియదు. నాకు తెలుసు. జిమ్మీ ఇంటికి రాకముందే ఏమేం పెట్టకూడదో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. అప్పుడు ఇంట్లో అందరూ ఎగతాళి చేశారు. ఇప్పుడు ఎవరూ చేయడం లేదు.

మామూలుగా చూసే డాక్టరు ఫోన్ ఎత్తలేదు. చిరిగిన ప్యాకెట్ తీసుకుని, తిన్న టైమ్ ఫోన్లో రాసుకుని, జిమ్మీని కారెక్కించి రాత్రిపూట తెరిచి ఉండే పెద్ద క్లినిక్‌కు వెళ్లాం. ఇంతవరకూ తేలికే.

కౌంటర్ దగ్గర మొదలైంది అసలు కథ.

"ఏమైంది?" అన్నాడు అక్కడున్న అబ్బాయి, తల ఎత్తకుండా.

"కుక్క కిస్‌మిస్ తిన్నాడండీ. అరగంట కూడా కాలేదు. వెంటనే కక్కించాలి."

అప్పుడు తల ఎత్తాడు. నన్ను చూశాడు, జిమ్మీని చూశాడు. జిమ్మీ తోక ఊపుతూ ఆ కౌంటర్‌నే వాసన చూస్తున్నాడు. అబ్బాయికి నవ్వొచ్చింది. "కిస్‌మిసా?" అని గట్టిగా అడిగాడు, హాల్లో అందరికీ వినపడేలా. వెనక కూర్చున్న వాళ్లలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఒకాయనైతే "మా వాడు రోజూ ద్రాక్షపళ్లు తింటాడండీ, గుర్రంలా ఉంటాడు" అని సలహా కూడా ఇచ్చాడు.

నా చెవులు వేడెక్కిపోయాయి. అయినా ఓపిగ్గా చెప్పాను. కొన్ని కుక్కలకు ఏమీ కాదు, కొన్నింటికి కొద్దిగా తిన్నా కిడ్నీలు దెబ్బతింటాయి, ఏ కుక్క ఏ రకమో ముందే చెప్పే దారి లేదు అని. ఆ అబ్బాయి ఫారం నా వైపు తోశాడు. అందులో ఎమర్జెన్సీ అనిపించుకోవాలంటే టిక్ పెట్టాల్సినవి: రక్తం కారుతోందా, ఫిట్స్ వస్తున్నాయా, ఊపిరి అందడం లేదా, స్పృహ తప్పిందా. ఏదీ లేదు. "ఇవేవీ లేవు కదండీ, కూర్చోండి, వరసలో పిలుస్తాం" అన్నాడు. నా ముందు చెవి దురద కుక్కలు, టీకాల పిల్లులు, గోళ్లు కత్తిరించుకోవడానికి వచ్చిన ఒక బొచ్చుకుక్క.

నాకు అర్థం కానిది ఇదే. విషం తిన్న కుక్క అరగంటలో ఎలా ఉంటుంది? బాగానే ఉంటుంది! ద్రాక్ష తిన్నాక వాంతులు చాలావరకు మొదటి రోజులోనే మొదలవుతాయి. కిడ్నీ దెబ్బ బయటపడేది 24 నుంచి 72 గంటల మధ్య. మూత్రం తగ్గిపోయి, కుక్క నేల మీద పడి ఉన్నప్పుడు ఆ ఫారంలో టిక్కులు పెట్టొచ్చు, అప్పటికి చేయగలిగేది చాలా తగ్గిపోతుంది. తిన్నది కక్కించడానికి మంచి సమయం మొదటి రెండు గంటలు. ఆ టైమ్‌లో కుక్క తోక ఊపుతూనే ఉంటుంది మరి.

మళ్లీ వెళ్లాను. "మేడం, మీరు గూగుల్ చూసి భయపడుతున్నారు" అన్నాడు. ఆ మాటతో నా మర్యాద అయిపోయింది. వాళ్ల ఫారమే తీసుకుని, వెనక్కి తిప్పి, పెన్ను అతని చేతిలో పెట్టాను. "కిస్‌మిస్ తిన్న కుక్కకు ఎమర్జెన్సీ అవసరం లేదని మీ క్లినిక్ తరఫున రాసి, టైమ్ వేసి, సంతకం పెట్టండి. నేను కూర్చుంటాను." హాలు నిశ్శబ్దమైపోయింది. గుర్రంలాంటి కుక్క ఉన్నాయన కూడా ఫోన్లోకి చూసుకున్నాడు. అబ్బాయి పెన్ను కింద పెట్టి లోపలికి వెళ్లాడు. నిమిషం కాలేదు, డాక్టరమ్మ తనే బయటకొచ్చి "కిస్‌మిస్ ఎవరు?" అంటూ జిమ్మీని లాక్కుపోయింది. ఎన్ని గంటలకు తిన్నాడు, బరువెంత, ప్యాకెట్ ఉందా, ఇవే అడిగింది. మూడింటికీ జవాబు నా చేతిలో ఉంది. "అందరూ ఇలా వస్తే బాగుండు" అంది. ఆ ఒక్క మాట కౌంటర్ వైపు తిరిగి అని ఉంటే ఇంకా బాగుండేది.

తర్వాతవి చకచకా జరిగాయి. ఎపోమార్ఫిన్ ఇంజెక్షన్ ఇచ్చారు, కాసేపటికి జిమ్మీ కక్కేశాడు. కిస్‌మిస్‌లు నీళ్లు పీల్చి ఉబ్బి, నమలకుండా గుటుక్కున మింగినవి మింగినట్టే బయటికొచ్చాయి. కాలికి కాన్యులా, సెలైన్, రోజుకోసారి రక్తపరీక్ష. జిమ్మీకి మెడకు కట్టిన ఆ ప్లాస్టిక్ గరాటా తప్ప ఇంకేమీ ఇబ్బంది అనిపించలేదు.

ద్రాక్షలో విషమేంటో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదట. డాక్టరమ్మ చెప్పింది. 2021లో అమెరికా పశువైద్య విషనిపుణులు ద్రాక్షలో ఉండే టార్టారిక్ ఆమ్లం మీద అనుమానం పెట్టారు. క్రీమ్ ఆఫ్ టార్టార్ (ఆ ఆమ్లం నుంచే వచ్చే, బేకింగ్‌లో వాడే పొడి) కలిపి పిల్లలు ఆడుకోవడానికి ఇంట్లో చేసిన పిండిముద్ద తిన్న కుక్కకు అచ్చం ద్రాక్ష తిన్నట్టే కిడ్నీలు పాడవడంతో వాళ్లకు ఆ ఆలోచన వచ్చింది. ద్రాక్ష రకాన్ని బట్టి, పండిన తీరును బట్టి ఆ ఆమ్లం మారుతుంది. ఒక కుక్క తిని బతికిందంటే ఇంకో కుక్కకు అది సాక్ష్యం కాదు. గుర్రం కుక్క గారూ, వింటున్నారా? చింతపండులోనూ ఇదే ఆమ్లం ఎక్కువ, అదీ కుక్కకు దూరంగా పెట్టండి.

వాట్సాప్‌లో మా వాళ్లొకరు "ఉప్పు నీళ్లు తాగించు, కక్కేస్తాడు" అని వీడియో పంపారు. ఆ వీడియో చేసినవాడు దొరికితే వాడికే తాగించాలి. ఉప్పు ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి కుక్క దానివల్లే పోవచ్చు. కక్కించడం డాక్టరు పని, ఇంట్లో ప్రయోగాలు వద్దు.

కుక్కకు పెట్టకూడని మిగతావాటి గురించి కూడా నాలుగు మాటలు. ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా వండినవైనా పొడి అయినా ఎర్ర రక్తకణాలను పాడుచేస్తాయి. లక్షణాలు కొన్ని రోజుల తర్వాత కనిపిస్తాయి కాబట్టి ఎవరూ దానికీ దీనికీ ముడిపెట్టరు. చాక్లెట్‌లో లెక్క ఉంది: అందులో కుక్కకు విషమయ్యే పదార్థం థియోబ్రోమిన్, అది కుక్క కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు దాటితే వాంతులు, గాభరా, 40–50 దగ్గర గుండె లయ తప్పడం, 60 దగ్గర ఫిట్స్. మిల్క్ చాక్లెట్‌లో గ్రాముకు సుమారు 2 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే పది కిలోల కుక్క 100 గ్రాములు తింటే మొదటి గీత దగ్గరికి వచ్చేసినట్టే. డార్క్ చాక్లెట్, కోకో పొడి అంతకంటే చాలా ఘాటు.

నాకు అన్నిటికంటే భయం జైలిటాల్, అంటే చక్కెర బదులు వాడే తీపి పదార్థం. చక్కెర లేని చూయింగ్ గమ్ముల్లో, కొన్ని పీనట్ బటర్‌లలో, టూత్‌పేస్టుల్లో ఉంటుంది. కుక్క శరీరం దాన్ని చూసి ఇన్సులిన్ గుమ్మరిస్తుంది, కొన్నిసార్లు అరగంటలోనే షుగర్ పడిపోతుంది. కిలో బరువుకు 0.1 గ్రాము చాలు. ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది. "షుగర్ ఫ్రీ" అని కనపడగానే మంచిదనుకుని కుక్కకు పెట్టేవాళ్లను నేను స్వయంగా చూశాను. పెద్ద చదువులు చదివినవాళ్లే.

చుట్టాలకు మాత్రం విడిగా చెబుతున్నా. "పాపం, చూస్తోందిగా, ఒక్క ముక్క" అనే మాట మా ఇంట్లో ఇక చెల్లదు. కుక్క చూడ్డం దాని ఉద్యోగం. ఆ ఒక్క ముక్క పెట్టిన చేయి సెలైన్ పక్కన రాత్రంతా కూర్చోదు, మేం కూర్చుంటాం.

డిశ్చార్జ్ రోజున ఆ క్లినిక్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. అబ్బాయిని తీసేయమని కాదు. ఆ ఫారంలో "ఏదైనా తినకూడనిది తిన్నదా, ఎప్పుడు" అని ఒక గడి పెట్టి, దానికి టిక్ పడితే నేరుగా లోపలికి పంపమని. మేనేజరు చదివి, "ఫారాలు బల్క్‌లో ప్రింట్ చేయించామండీ, ఇవి అయిపోయాక చూద్దాం" అన్నారు. పెన్నుతో గీసి రాసుకోవచ్చు కదా అన్నాను. దానికి జవాబు ఇంకా రాలేదు, వచ్చే వారం మళ్లీ వెళ్లి అడుగుతాను.