హైదరాబాద్ నుంచి అంతర్వేదికి డ్రైవర్‌తో కారు: రేటు కన్నా ముందు తేల్చుకోవాల్సినవి

అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి గుడికి కారు మాట్లాడేటప్పుడు అందరూ మొదట అడిగేది కిలోమీటర్‌కి ఎంత అని. అడగాల్సిందే. కానీ ఈ ప్రయాణం ఎక్కువగా చెడేది బయలుదేరే టైము దగ్గర.

విజయవాడ దాకా సుమారు 275 కిలోమీటర్లు నాలుగు లైన్ల హైవే, అది ఎవరైనా నడుపుతారు. గుడివాడ దాటాక కైకలూరు, ఆకివీడు మీదుగా భీమవరం వెళ్లే రోడ్డు వేరు. రెండు పక్కలా చేపల చెరువులు, కాలువలు. చేపల లారీలు దారి పొడుగునా నీళ్లు కారుస్తూ పోతాయి, బ్రేకు వేస్తే టైరు జారుతుంది. చలికాలం తెల్లవారుజామున పొగమంచు. సిటీలో పదేళ్లు క్యాబ్ నడిపిన మనిషైనా చీకట్లో, ఎదురు లైట్లలో ఇక్కడ రోడ్డు అంచు పోల్చుకోలేడు.

ఇప్పుడు లెక్క చూడండి. రాత్రి 10కి ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి దేవుడి దగ్గర ఉంటాం అనుకుంటారు. 10కి బయలుదేరిన బండి విజయవాడ చేరేది 3 గంటలకి. అంటే డ్రైవర్‌కి నిద్ర ముంచుకొచ్చే వేళకి సరిగ్గా ఆ చెరువుల మధ్య ఉంటారు. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. ఉదయం 5 లోపు బయలుదేరండి. పెద్ద అంబర్‌పేట దగ్గర హైవే ఎక్కి, సూర్యాపేట దగ్గర టిఫిన్ చేసి, 10, 10:30కి విజయవాడ దాటితే భీమవరంలో భోజనం, మూడింటికల్లా అంతర్వేది. అన్నీ పగటి వెలుగులోనే. బుక్ చేసేటప్పుడు ఓనర్‌ని ఒక్క మాట అడగండి: డ్రైవర్ ముందు రోజు డ్యూటీ ఎన్నింటికి దిగుతాడు? రాత్రి పన్నెండు అంటే వేరే డ్రైవర్‌ని పంపమనండి.

డబ్బుల లెక్కలో మనవాళ్లు దెబ్బ తినేది రెండు చోట్ల. బయటి ఊళ్ల ట్రిప్పులకి సాధారణంగా రోజుకి కనీసం ఇన్ని కిలోమీటర్లని లెక్క కడతారు. అది 300 అనుకుందాం. రానుపోను సుమారు 900 కిలోమీటర్లు కాబట్టి మూడు రోజుల దాకా ఈ కనీసం మనల్ని ముట్టదు, తిరిగినదానికే కడతాం. నాలుగో రోజు ఉంటే లెక్క 1200కి పోతుంది, తిరగని 300కి కూడా ఇవ్వాలి. రెండోది, చాలామంది రోజుని అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి లెక్కిస్తారు. రాత్రి 11కి బండి ఎక్కితే ఆ గంటకే ఒక రోజు, ఒక బేటా (డ్రైవర్‌కి ఇచ్చే రోజు భత్యం) పోతాయి. మీటరు ఎక్కడ మొదలవుతుందో కూడా అడగాలి. మీ ఇంటి దగ్గరా, బండి ఉండే చోటి నుంచా? బండి మియాపూర్‌లో, మీరు ఉప్పల్‌లో ఉంటే తేడా తెలుస్తుంది. దింపేసి వచ్చేస్తే సగం పడుతుందనుకోకండి, బండి ఖాళీగా వెనక్కి రావాలి కాబట్టి ఆ ఖర్చూ కలిపే చెబుతారు. టోల్ గేట్లు పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, ఇంకా ముందుకి. ఫాస్టాగ్ ఎవరిదో, ఆ డబ్బు రేటులో కలిసిందో లేదో వాట్సాప్‌లో రాయించుకోండి.

పసుపు ప్లేటు బండే తీసుకోండి. తెల్ల ప్లేటు తక్కువకి వస్తుంది, కానీ సొంత వాడకం కారుని అద్దెకి తిప్పుతుండగా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ కొట్టేయవచ్చు. పసుపు ప్లేటుకైనా ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ ఉందా అని అడగాలి. లేకపోతే ఆంధ్రాలోకి టెంపరరీ పర్మిట్, ట్యాక్స్ ముందే ఆన్‌లైన్‌లో కట్టి ఉండాలి. కోదాడ దాటాక కాగితాల కోసం బండి పక్కన ఆగితే పోయేది మీ టైమే.

ఆరుగురు, సామాన్లు ఉంటే సీఎన్‌జీ ఎర్టిగా వద్దు. డిక్కీలో సిలిండర్ ఉంటుంది, మూడో వరుసలో మనుషులు కూర్చుంటే బ్యాగులకి చోటుండదు. పైన క్యారియర్ ఉందో లేదో ఫోటో అడగండి.

చివరి మెలిక గోదావరి. ఫోన్ మ్యాప్ దగ్గరి దారని నర్సాపురం రేవుకి తీసుకెళ్తుంది. అవతలి ఒడ్డు సఖినేటిపల్లి, మధ్యలో వశిష్ఠ గోదావరి, దాటించేది పంటు, అంటే బళ్లని కూడా ఎక్కించుకునే బల్లపరుపు పడవ. రాత్రిళ్లు అది ఉండదు, వరద రోజుల్లో ఆపేస్తారు. ఎక్కేటప్పుడు మనుషులు దిగిపోవాలి. రేవు వాలు నుంచి పంటు పలక మీదకి ముందు చక్రాలు ఎక్కే చోట బండి నేలకి వంగుతుంది, కిందికి ఉండే సెడాన్‌కి బంపర్ రాసుకుంటుంది. ఫస్ట్ గేరులో మెల్లగా ఎక్కించి, ఆపాక గేరు వేసే ఉంచి హ్యాండ్‌బ్రేక్ లాగాలి. పగలు, నీరు నిమ్మళంగా ఉంటే పంటు ప్రయాణం నిజంగా బాగుంటుంది. కానీ ముసలివాళ్లు, సామాన్లు ఉంటే పాలకొల్లు దగ్గర దిగమర్రులో తిరిగి, చించినాడ వంతెన మీదుగా దిండి, మలికిపురం దారిన వెళ్లండి. ఈ రూటు డ్రైవర్‌కి ముందే చెప్పాలి, లేకపోతే రేవు దాకా పోయి పాలకొల్లు వైపు పది కిలోమీటర్లు వెనక్కి రావాలి.

స్వామి కల్యాణం, భీష్మ ఏకాదశి రథోత్సవం రోజుల్లో బండి ఊరి బయటే ఆపేస్తారు, సంక్రాంతి ముందు మూడు రోజులు పంతంగి దగ్గరే గంటలు పోతాయి. ఆ తేదీలకి కారు కన్నా నర్సాపురం రైలు మేలు.

ఆయిల్ భీమవరంలోనో పాలకొల్లులోనో నింపించండి. డ్రైవర్ పడుకోవడానికి గది మీ గదితో పాటే ఫోన్ చేసి చెప్పండి, కార్లో పడుకున్న మనిషితో మర్నాడు 450 కిలోమీటర్లు రాకండి. అన్నాచెల్లెళ్ల గట్టు వైపు బీచిలో ఇసుక మీదకి బండి దింపమని అడగొద్దు. చక్రం కూరుకుపోతే తిప్పేకొద్దీ లోతుకి పోతుంది, లాగడానికి ట్రాక్టర్ రావాలి.