నీళ్ల మాత్ర

మా టిఫిన్ బండి విజయవాడ బస్టాండ్ దగ్గర. పక్కన ఫుట్‌పాత్ మీద పడుకునే బాబాయ్‌కి డెబ్బై దాటాయి. గుండె బలహీనపడి ఒంట్లో నీరు చేరే జబ్బు. రెండు నెలల్లో రెండుసార్లు 108లో ఆసుపత్రికి పంపాను. వాపు తీసేదాకా ఉంచుకుని పంపించేవాళ్లు. పదిహేను రోజులు తిరక్కుండానే మళ్లీ చెప్పులు పట్టేవి కావు. పడుకుంటే ఆయాసమొచ్చి, గోడకి ఆనుకుని కూర్చునే తెల్లవార్చేవాడు.

ఒకరోజు ఆయన మూట సర్దుతుంటే, ఒంట్లో నీరు మూత్రంగా పోవడానికి ఇచ్చిన లాసిక్స్ మాత్రలు చెక్కు చెదరకుండా కనపడ్డాయి. గట్టిగా కోప్పడ్డాను.

"అది వేసుకుంటే ఊరికూరికే పోవాలమ్మా. మరుగుదొడ్డికి వెళ్లిన ప్రతిసారీ డబ్బులడుగుతారు. రాత్రిపూట గోడ పక్కకెళితే తరుముతారు" అన్నాడు.

కోప్పడినందుకు సిగ్గేసింది. మందు రాసినవాళ్లు ఆయన రాత్రి ఎక్కడుంటాడో అడగలేదు. రోజూ చూసే నేనూ అడగలేదు. ఉప్పు తగ్గించమని కూడా కాగితంలో రాశారు. ఎవరేది పెడితే అది తినే మనిషి ఉప్పు ఎలా తగ్గిస్తాడు?

మూడోసారి చేరినప్పుడు డిశ్చార్జి రాయకముందే వెళ్లి డాక్టరమ్మకి ఇదంతా చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, మాత్ర పొద్దున్నే ఒక్కసారి వేసుకునేలా మార్చింది. దాని పని ఆరు గంటల్లో అయిపోతుందట, రాత్రి లేవక్కర్లేదట. బరువు రోజూ చూడమంది. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే ఆయాసం వచ్చేదాకా ఆగకుండా తీసుకురమ్మంది.

తర్వాత చోటు. పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567కి చేసి ఇల్లు లేనివాళ్లు తలదాచుకునే నైట్ షెల్టర్ల వివరాలు అడిగాను. లక్ష జనాభాకి ఒక షెల్టరుండాలని, ఇరవై నాలుగ్గంటలూ తెరిచుంచాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. మేం వెళ్లిన మొదటి చోట మాత్రం జబ్బు మనిషిని చూసుకోలేమన్నారు. మళ్లీ డాక్టరమ్మ దగ్గరికే పరుగెత్తాను. 'అంటువ్యాధి కాదు, తన పనులు తాను చేసుకోగలడు' అని రాసిచ్చింది. ఆ రెండు ముక్కలు చూశాక రెండో చోట మంచమిచ్చారు. మీరెవరికైనా ఇలా చేయాల్సొస్తే ఆ కాగితం ముందే అడగండి. లోపల మరుగుదొడ్డి ఉందో లేదో కూడా చూడండి.

ఇప్పుడు పొద్దున్నే నడిచొస్తాడు. ఉప్పు లేకుండా వేరే వాయి ఇడ్లీ పెడతాను, మాత్ర నా ఎదురుగానే వేసుకుంటాడు. పక్కనున్న పాత ఇనుప కొట్టు కాటా మీద నిలబడితే అంకె బండి చెక్క మీద సుద్దతో రాస్తాను. నిన్న 52. ఆధార్ పని ఇంకా తెమల్లేదు. వేలిముద్రలు అరిగిపోయాయి, సోమవారం మళ్లీ వెళ్లాలి.