అలసిపోయిన రాముడికి చెప్పిన మాట

శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానంలో క్రియాటినిన్ అనే మాట చదువు రానివాళ్ళకి కూడా తెలుసు. కిడ్నీలు పాడైతే రక్తంలో పెరిగిపోయే వ్యర్థం అది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఎటు వెళ్ళినా కొబ్బరి తోటలు, జీడి తోటలే. ఆ పచ్చదనం మధ్యలోనే ఏదో ఒక ఇంటి అరుగు మీద ముఖం ఉబ్బి, కాళ్ళకి నీరు పట్టి కూర్చున్న మనిషి కనిపిస్తాడు. ఈ కిడ్నీ జబ్బుకి కారణం నీళ్ళలో ఏదో ఉందన్నారు, నేలలో ఉందన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చేసే పనీ నొప్పి మాత్రలూ అన్నారు. ఎందరో వచ్చి పరిశోధనలు చేశారు గానీ ఫలానాదే కారణమని ఇంతవరకూ తేలలేదు. షుగరూ బీపీ లేనివాళ్ళకి కూడా వస్తోంది. ఎందుకొస్తుందో తెలియని జబ్బుకి ఎలా జాగ్రత్తపడాలో కూడా తెలియదు. అందుకే మా వైపు చాలామంది రక్తపరీక్ష అంటేనే తప్పించుకు తిరుగుతారు.

నాకు మొదట ఆకలి పోయింది. పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే వాంతి వచ్చేది. తోటలో నాలుగు చెట్ల కాయలు పోగెయ్యగానే ఆయాసం. పాదం మీద వేలితో నొక్కితే పడిన గుంట చాలాసేపటికి గాని పూడేది కాదు. రిపోర్టులో క్రియాటినిన్ 9 దాటింది. మగవాళ్ళకి 1.2, 1.3 దాకా ఉండొచ్చట. స్కానింగ్‌లో రెండు కిడ్నీలూ కుంచించుకుపోయి ఉన్నాయి. డాక్టరు గారు దాచకుండా చెప్పారు, ఇవి మళ్ళీ బాగుపడేవి కావు, డయాలసిస్ మొదలుపెట్టాలి అని. నా భార్య అక్కడ ఒక్క మాట మాట్లాడలేదు. బస్సెక్కాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కంచిలి దాకా ఏడుస్తూనే ఉంది. మా పాపకి అప్పటికి నాలుగేళ్ళు.

చూడ్డానికి వచ్చినవాళ్ళు తలో మాట అన్నారు. ఒకాయన ఏ జన్మలో ఏ పాపం చేశావో అన్నాడు. ఇంకొకరు డయాలసిస్ ఎక్కితే ఇంక దిగేదేముంది, ఆకు పసరు తాగమన్నారు. పసరు జోలికి నేను పోలేదు. పాపం మాట మాత్రం చాలా రోజులు గుచ్చుకుంది. ఇప్పుడు గట్టిగా చెబుతాను. వీధికి ఇద్దరు ముగ్గురు మంచాన పడుతున్న చోట, కష్టం చేసుకుని బతికే ఇన్ని వేలమంది కలిసి ఏం పాపం చేసి ఉంటారు? నేను మొక్కే దేవుడు అలాంటివాడు కాడు.

వారానికి మూడు సార్లు సోంపేట వెళ్ళాలి, నాలుగు గంటలు మంచం మీద ఉండాలి. ఎడమ చేతికి ఆపరేషన్ చేసి ధమనినీ సిరనీ కలుపుతారు, ఫిస్ట్యులా అంటారు. అక్కడ వేలు పెడితే లోపల జుమ్మని రక్తం పరిగెడుతున్నట్టు తెలుస్తుంది. ఆ శబ్దం ఆగిందేమోనని అర్ధరాత్రి లేచి చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని వినేవాణ్ణి. రెండు లావుపాటి సూదులు, ఒకదాంట్లోంచి రక్తం మిషన్‌లోకి వెళ్తుంది, ఇంకోదాంట్లోంచి శుభ్రమై వస్తుంది. ఇంటికొచ్చాక మంచానికి అతుక్కుపోవడమే. నీళ్ళు కొలిచి తాగాలి. కూరగాయలు తరిగి, చాలాసేపు నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి వండాలి. అన్నిటికంటే బాధ ఏమిటంటే కొబ్బరి నీళ్ళు తాగకూడదు. అందులో పొటాషియం ఎక్కువ, ఒంట్లో పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా చెట్లు చాలావరకు కూలిపోతే, నాన్న ఆ దుంగలు తీయించి మళ్ళీ మొక్కలు వేశారు. అవి కాపుకొచ్చేసరికి నాకు ఆ బొండంలో గుక్కెడు తాగే యోగం లేదు.

ఒక రాత్రి ఊపిరి అందక గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఇంక వెళ్ళను, ఎన్నాళ్ళయితే అన్నాళ్ళు బతుకుతాను అనేశాను. మర్నాడు మా మావయ్య శ్రీకాకుళం నుంచి వచ్చాడు. రోజూ ఆదిత్య హృదయం చదివే మనిషి. అరసవల్లిలో సూర్యనారాయణ స్వామికి ఆదివారం దర్శనం తప్పడు. నా పక్కన కూర్చుని అడిగాడు.

"ఆదిత్య హృదయం అగస్త్యుడు ఎప్పుడు చెప్పినాడో తెలుసా?"

"యుద్ధంలో కదా" అన్నాను.

"యుద్ధంలో, రాముడు అలిసిపోయి, ఏటి చెయ్యాలో తోచక నిలబడిపోయినప్పుడు. రాముడంతోడే అలిసిపోనాడురా. అగస్త్యుడు రావణుణ్ణి చంపీలేదు. మూడుసార్లు చదువు, గెలుస్తావు అన్నాడు. చదివినాక విల్లు ఎత్తింది ఎవులు? రాముడే. నువ్వు బస్సెక్కు."

చిన్నప్పటి నుంచి అరసవల్లి వెళ్తున్నాను. మార్చిలో, అక్టోబరులో పొద్దున్నే సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడే రోజుల్లో నాన్న భుజాలెక్కి చూశాను. అయినా ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు. అంతవరకూ నేను స్వామిని అడిగింది జబ్బు తీసెయ్యమని. ఆ రోజు నుంచి అడగడం మారింది. ఈ రోజు సూది వేయించుకునే ధైర్యం ఇవ్వు తండ్రీ, చాలు అనేవాణ్ణి. ఆ ధైర్యం ఏ రోజుకా రోజు వచ్చేది. రేపటిది ఇవాళే కావాలంటే మాత్రం వచ్చేది కాదు. భయం పోలేదు, భయంతోనే బస్సెక్కేవాణ్ణి. పక్క మంచాల మీద మాట్లాడుకున్న మనుషులు కొందరు ఆ తర్వాత రావడం మానేశారు. వాళ్ళూ నాకంటే తక్కువ మొక్కినవాళ్ళు కారు. ఈ ముక్కకి నా దగ్గర జవాబు లేదు. మొక్కినవాళ్ళంతా బతుకుతారని నేను ఎవరికీ చెప్పను.

కిడ్నీ మార్చవచ్చని డాక్టర్లు చెప్పాక నాన్న ముందుకొచ్చారు. ఆయనకి షుగరు ఉంది, కుదరదన్నారు. అమ్మది సరిపోయింది. నేను ఒప్పుకోలేదు. అమ్మకేమన్నా అయితే ఎలా బతకను? మరీ పట్టుబడితే అమ్మకి కోపం వచ్చింది.

"నా కడుపులోంచి వచ్చినోడివి. నా కడుపులోది ఒకటి నీకిస్తే ఏటైపోద్ది? దేవుడు రెండిచ్చినాడు."

తల్లి కొడుక్కి ఇస్తున్నా కాగితాలూ, కమిటీ ముందు ప్రశ్నలూ తప్పవు. తర్వాత విశాఖపట్నంలో ఆపరేషన్. ఆరోగ్యశ్రీ లేకపోతే తోట అమ్ముకోవలసి వచ్చేది. పాత కిడ్నీలు తియ్యరు, కొత్తది పొత్తికడుపులో కుడి పక్కన పెడతారు. మెలకువ వచ్చాక నర్సమ్మ యూరిన్ బ్యాగ్ ఎత్తి చూపించింది. డయాలసిస్‌లో పడ్డాక నాకు మూత్రం దాదాపు ఆగిపోయింది. ఆ బ్యాగు నిండుతూ ఉంటే చూసి వెక్కి వెక్కి ఏడ్చాను. ఆవిడ నొప్పిగా ఉందా అంది. లేదమ్మా, అమ్మ ఎలా ఉంది అన్నాను. బాగున్నారు, మీరు ఇడ్లీ తిన్నారా అని అడుగుతున్నారు అంది.

డిశ్చార్జ్ అయ్యేసరికి క్రియాటినిన్ 1.3కి దిగింది. శరీరం కొత్త కిడ్నీని పరాయిదని తోసెయ్యకుండా పొద్దునా రాత్రీ ఒకే టైముకి మాత్రలు, జీవితాంతం. జలుబు చేసినవాళ్ళకి దూరంగా ఉండాలి. అమ్మ తన పనులన్నీ తనే చేసుకుంటోంది.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రీ, కిడ్నీ పరిశోధన కేంద్రమూ ప్రారంభించారు. హిరమండలం నుంచి వంశధార నీళ్ళు పైపుల్లో తెచ్చే పథకం కూడా మా వైపు కోసమే పెట్టారు. కారణం కూడా ఎప్పటికైనా తేలాలని రోజూ దణ్ణం పెట్టుకుంటాను. మా పాప ఈ ఊళ్ళోనే పెరుగుతోంది మరి.

ఈ మధ్య మా వీధిలో ఒక కుర్రాడికి రిపోర్టు బాగా రాలేదు. పసరు తాగుతానన్నాడు. వాళ్ళింటికి రోజూ వెళ్ళి కూర్చున్నాను, నా చెయ్యి పట్టించి ఫిస్ట్యులా జుమ్మనడం చూపించాను. చివరికి సరే అన్నాడు. సూదులు ఎంత లావుంటాయని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ముందు అరసవల్లి వెళ్ళి వద్దామా అన్నాడు. ముందు సోంపేట వెళ్ళి పేరు రాయించుకుందాం, డయాలసిస్ లేని ఆదివారం చూసుకుని అరసవల్లికి నేనే తీసుకెళ్తాను అన్నాను.