థ కడుపులోని చుక్క

పాతికేళ్ళుగా నా పని ప్రూఫులు దిద్దడం. నలభై నాలుగో ఏట ఒక సాయంత్రం ‘రథం’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. థ కడుపులో చుక్క ఉందో లేదో తేలలేదు. కాగితం దగ్గరికి తెస్తే చుక్క అలుక్కుపోయింది. చేయి చాచి దూరంగా పట్టుకుంటే అక్షరమే చిన్నదైపోయింది. ఆ చుక్క లేకపోతే అది ‘రధం’ అవుతుంది, తప్పు అచ్చుకెళ్ళిపోతుంది. భయం వేసింది.

దీనికి మనవాళ్ళు చత్వారం అని పేరు పెట్టడం ఊరికే కాదు, ‘చత్వారింశత్’ అంటే నలభై. కంటి లోపలి కటకం (లెన్స్) చిన్నతనంలో మెత్తగా ఉంటుంది. దగ్గరి వస్తువును చూసినప్పుడు చుట్టూ ఉన్న కండరం బిగుసుకుని, కటకాన్ని ఉబ్బనిస్తుంది. అందుకే పదేళ్ళ పిల్లలు ముక్కుకు ఆనించినంత దగ్గరగా పెట్టుకుని కూడా చదవగలరు. వయసు పెరిగే కొద్దీ కటకం గట్టిపడుతుంది, కండరం ఎంత బిగిసినా అది ఉబ్బదు. అద్దాలకు అలవాటు పడితే కళ్ళు బద్ధకిస్తాయని ఎవరో చెబితే నమ్మి, రెండేళ్ళు తలనొప్పితో చదివాను. ఆ మాట నిజం కాదు. అద్దాలు పెట్టుకున్నా, పెట్టుకోకపోయినా కటకం గట్టిపడటం ఆగదు.

అద్దాలు వచ్చాయి, చుక్క కనబడింది, ఇక దిగులు లేదనుకున్నాను. యాభై మూడో ఏట ఒకరోజు ఎడమ కంట్లో రెప్ప వెంట్రుక పడింది. ఆ కన్ను నలుపుకుంటూ కుడి కంటితో పేజీ చూస్తే అక్షరాలన్నీ పొగమంచులో ఉన్నాయి. శుక్లం అన్నారు డాక్టరు. ఒక్కరోజులో వచ్చింది కాదు, ఏళ్ళుగా ముదురుతూ ఉందట. రెండు కళ్ళూ తెరిచి ఉన్నంతకాలం ఎడమ కన్ను కుడిదాని పని కూడా తానే చేసిపెట్టింది. నాకు మాటమాత్రంగానైనా తెలియలేదు.

శస్త్రచికిత్స చేసి, మసకబారిన కటకం తీసి కొత్తది అమర్చారు. కట్టు విప్పిన మర్నాడు తెల్ల కాగితం తీసి ఒక్కో కన్నూ మూసి చూశాను. కుడి కంటికి కాగితం తెల్లగా, కొంచెం నీలి ఛాయతో ఉంది. ఎడమ కంటికి అదే కాగితం ఎండుగడ్డి రంగులో ఉంది. వయసుతో కటకం పసుపెక్కుతుందట. ఇన్నేళ్ళూ నేను తెలుపనుకున్నది ఆ గడ్డి రంగునే! ఈ కృత్రిమ కటకాన్ని మొదట అమర్చింది 1949లో, లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు. యుద్ధంలో గాయపడిన పైలట్ల కళ్ళలో విమానపు కిటికీల ప్లాస్టిక్ ముక్కలు ఇరుక్కున్నా కన్ను వాటిని ఓర్చుకోవడం ఆయన గమనించారు. ఆ గమనికే ఇవాళ నా కంట్లో ఉంది.

శుక్లం తీస్తే పోతుంది. నాన్నకు వచ్చిన నీటికాసులు (గ్లాకోమా, కంటి నాడి దెబ్బతినే జబ్బు) అలాంటిది కాదు. ఆయన చివరి వరకూ పేపరు చదివేవారు, అందుకే మాకు అనుమానం రాలేదు. ఎడమ భుజం మాటిమాటికీ గుమ్మానికి తగులుతుంటే తొందరపాటు అనుకున్నాం. నిజానికి పక్కచూపు కొంచెం కొంచెంగా పోతోంది, ఖాళీని మెదడు పూరించుకుంటోంది. దృష్టి నాడి దెబ్బతిన్న మేరకు పోయిన చూపు తిరిగి రాదు. చుక్కల మందు మిగిలిన చూపును కాపాడటానికే. గోడ మీది అక్షరాలు చదివించి అద్దాల నంబరు ఇచ్చే పరీక్షలో ఇది బయటపడదు. కంటి ఒత్తిడి కొలవాలి, కంటిపాపను పెద్దది చేసి నాడిని చూడాలి. ఒత్తిడి మామూలుగా ఉన్నవాళ్ళకూ ఈ జబ్బు రావచ్చు గనుక నాడిని చూడటం తప్పనిసరి. మధుమేహం ఉన్నవాళ్ళు ఏటా రెటీనా (కంటి వెనకున్న పొర) చూపించుకోవాలి. ఉన్నట్టుండి కంట్లో మెరుపులు, నల్లటి చుక్కల గుంపు, తెర దిగినట్టు నీడ కనబడితే ఆ రోజే వెళ్ళాలి, మర్నాటికి వాయిదా వేయకూడదు. పొగ తాగేవాళ్ళకు శుక్లం ముప్పు ఎక్కువని కూడా తెలుసుకున్నాను.

రక్తసంబంధీకులకు నీటికాసులు ఉంటే మనకూ వచ్చే అవకాశం ఎక్కువని విన్న రోజే తమ్ముడికి ఫోను చేశాను. “నాకేమీ లేదక్కా, బాగానే కనబడుతోంది” అన్నాడు. నాన్న కూడా అదే మాట అనేవారు. పోరి తీసుకెళ్ళాను. కంటి ఒత్తిడి సాధారణంగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల (పాదరసం) మధ్య ఉంటుంది, వాడికి 27 వచ్చింది. నాడి అంచున అప్పుడే కొంచెం నష్టం మొదలైంది. ఆ రాత్రి నుంచే చుక్కలు వేసుకుంటున్నాడు. ఇప్పుడు తొమ్మిదింటికి నా ఫోను మోగితే ఎవరో చూడనక్కరలేదు. ఎత్తగానే “వేసుకున్నానక్కా” అంటాడు.